చచ్చుపడిన కండరముల అలసట

వెలిగండ్ల ప్రాంతమున మాయొద్ద ఐదేండ్లు చదువుకొన్న విద్యార్థి యొకడు, ఇరువది రెండవ యేట, చింతపండు దులుపుటకై చెట్టెక్కి కొమ్మ విరిగి పడెను. వెన్నెముక చిట్లి లోపలి వెన్నుపాము తెగుటచేత నడుము మొదలు పాదముల వరకును అతనికి కదలికయు లేదు, స్పర్శయు లేదు. నగరములోని వైద్యులు చేయదగిన శస్త్రము చేసి యింటికి పంపివేసిరి. ఏడాది గడచిన పిమ్మట అతని మేనమామ యొక పట్టణపు వర్తకునియొద్ద కండరములకు కరెంటు పెట్టు చిన్న యంత్రమును కొని తెచ్చెను. దానితోడి పుస్తకము ఇంగ్లీషులో నుండుటచేత మమ్ము పిలిచిరి.

తొడమీద రెండు మెత్తలంటించి మీట నొక్కగానే ఏడాదిపాటు దుంగవలె పడియున్న కాలు మోకాలివద్ద సాగి లేచినది. ఆ తల్లి, "అయ్యోరా, సూడండి, కాలు లేసింది!" అని కేకవేసి కొంగుతో కన్నులద్దుకొనెను. ఇరుగుపొరుగువారు గుమిగూడిరి. మాకును గుండె కొట్టుకొనినది. అయితే పది పండ్రెండు మారులు లేచిన కాలు ఆ తరువాత సగమే లేచెను. ఐదు నిమిషములు గడచునప్పటికి తొడ యొక్కటి వణకుచుండెనేకాని పాదము నేల విడువలేదు. యంత్రము బలము చాలలేదని మేమే తీర్పు చెప్పితిమి. మేమే మీటను మరికొంత త్రిప్పుడంటిమి. త్రిప్పగా కాలు మరల లేచెను, మరల దిగజారెను. ఇట్లు త్రిప్పి త్రిప్పి మీట తుది గీతకు వచ్చువరకు పోతిమి. మరునాటి యుదయమున మెత్తలున్న చోట చర్మము కాలి పొక్కులెక్కియుండెను. స్పర్శ లేనివాడు గనుక అతనికి మంట తెలియలేదు. ఆ పుండు మానుటకు రెండు నెలలు పట్టినది. వర్తకు నడుగగా, ఈ యంత్రము చిన్నది, పెద్దది కొనుడని సలహా యిచ్చెను!

ఆ రెండు నెలలలో మేము చదివినదియు, తెలిసినవారి నడిగి గ్రహించినదియు ఈ వ్యాసమునకు మూలము. ముందే చదివియుండిన బాగుండెడిది.

ప్రశ్న యేమనగా: ఆ పిల్లవాడు శ్రమపడలేదు. కాలెత్తవలెనని సంకల్పించినను ఆ సంకల్పము కాలిని చేరు దారి లేదు. మరి అలసిన దెవరు? మన సుశ్రుతాచార్యుడు శ్రమ చేయకయే, రొప్పులేకయే దేహమునకు కలుగు అలసటకు క్లమమని ప్రత్యేకముగా పేరిడెను. ఆయన యుద్దేశించినది వేరొక యవస్థయే యైనను, ఆ పేరు మాకు పలుమారు జ్ఞప్తికి వచ్చినది. ఇచ్చటి చిత్రమింకొకటి: మనకు అలసట కలిగినపుడు మనకు తెలియును, ఆగుదుము. అతనికి కలిగిన యలసట అతనికే తెలియదు. చూచువారు కనిపెట్టవలసినదే.

విద్యుత్తుతో పక్షవాతమును కుదుర్ప జూచుట నిన్న మొన్నటి పని గాదు. జెనీవా నగరమున జలబేరు అను పండితుడు 1748 ప్రాంతమున, ఏండ్ల తరబడి కుడిచేయి పడిపోయిన తాళములు చేయువా డొకనికి, గాజుబుడ్డిలో నిలువచేసిన విద్యుత్తును తగిలించి, కండరములు తమంతట ముడుచుకొనుటను వర్ణించెను. అమెరికాలో బెంజమిను ఫ్రాంక్లినుయొద్దకు పక్షవాత రోగులు పలువురు వచ్చిరి. ఆయన దినమునకు మూడుసారులు వారి కీ దెబ్బలు కొట్టి చూచి, 1757లో ఒక మిత్రునికి లేఖ వ్రాసెను. మొదట కాలుసేతులలో వెచ్చదనము పుట్టినదట, కొంత కదలిక హెచ్చినదట. కాని యైదవ దినము దాటిన పిమ్మట వృద్ధి కానరాలేదట. రోగులు నిరాశతో నిండ్లకు పోయి, కొలది కాలములో పూర్వస్థితికే వచ్చిరట. తాను చేసిన చికిత్స నిలువలేదని తానే చెప్పుకొనుట వైద్యచరిత్రలో విరివిగా దొరకు గుణము గాదు. అందుచేతనే మాకు ఫ్రాంక్లినునందు గౌరవము హెచ్చినది. మా వర్తకునికి ఆ లేఖను చదివి వినిపించిన బాగుండుననిపించినది.

తరువాతి కథను వేగముగా చెప్పుదుము. ఇటలీలో గాల్వానీ 1791లో కప్పకాలి ప్రయోగములను ప్రకటించెను. వోల్టా 1800లో ఘటమాల కట్టెను. ఫారడే 1831లో ప్రేరిత విద్యుత్తును కనుగొనెను. ఫ్రెంచి వైద్యుడు డ్యూషేను 1855లో ప్రకటించిన గ్రంథమున, చర్మముపై తడి మెత్తల నానించి ఒక్కొక్క కండరమును విడివిడిగా కదలించు విధానమును స్థాపించెను. నేటి యంత్రములన్నియు ఆయన మెత్తలకు మనుమలే. జర్మనీలో ఎర్బు 1868లో, నరమే చచ్చిన కండరము క్షణికమైన మినుకు కరెంటునకు పలుకదనియు, దీర్ఘమైన ప్రవాహమునకు మాత్రము మందముగా ముడుచుకొనుననియు తెలిపెను. ఈ భేదమును పాఠకులు మనస్సున నుంచుకొనవలెను, ముందు పనికివచ్చును. ఈ నడుమనే విద్యుత్తు పేరిట మొలత్రాళ్ళును గొలుసులును అమ్మి ధనార్జన చేసినవా రనేకులు బయలుదేరిరి. ఆ వంశము నశింపలేదు.

అలసటను కొలుచు పనిని టూరిను నగరపు ఆచార్యుడు మొస్సో చేపట్టెను. వ్రేలికి బరువు కట్టి, ఆ వ్రేలు లాగుకొలది గీతలు గీచు యంత్రమును కల్పించి, అలసటను గురించియే 1891లో ఒక గ్రంథమును వెలువరించెను. ఆయన చేసిన పనులలో మనకు కావలసిన దొకటి. మనుష్యుని సంకల్పముతో పనిలేకుండ అతని కండరమును విద్యుత్తుతోనే ముడుచునట్లు చేసి చూడగా, అప్పుడును గీతలు క్రమముగా పొట్టివడినవి. అనగా అలసట మనస్సునందే పుట్టునది గాదు, మాంసమునందును పుట్టును.

మాంసమునందు ఏది పుట్టును? ఏది తరుగును? కేంబ్రిడ్జిలో ఫ్లెచరు, హాప్కిన్సు అనువారు 1907లో, పనిచేసిన కప్ప కండరములో లాక్టికామ్లము పేరుకొనుననియు, ప్రాణవాయువు తగిలిన తగ్గుననియు చూపిరి. పెరుగును పులియజేయు ఆమ్లమే యిది. కండరపు పనికిని అలసటకును ఈ యామ్లమే కారణమని లోకము నమ్మినది. ఈ మార్గమున పరిశోధించిన హిల్లు, మేయరుహాఫులకు 1922 సంవత్సరపు నోబెలు బహుమాన మిచ్చిరి. ఇప్పటికిని మన వ్యాయామశాలలలో తొడలు పట్టివేసినపుడు ఈ మాటనే చెప్పుకొందురు.

ఈ నమ్మకమును కదలించినవారిలో ఒక తెలుగువాడున్నాడు. భీమవరమున 1895 జనవరి 12వ తేదీన జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పేదరికములో రాజమహేంద్రవరమునను మద్రాసునను చదివెను. మద్రాసు వైద్యకళాశాలలో గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించినందున పై యాచార్యుని యాగ్రహమునకు గురియై, యెం.బి.బి.యస్. పట్టమునకు బదులు తక్కువదగు యెల్.యం.యస్. పట్టముతో బయటపడెను. కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారి సాహాయ్యముతోను కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాహాయ్యముతోను 1922 అక్టోబరులో బోస్టను చేరెను. పొట్టకూటికి రాత్రులు ఆసుపత్రిలో సేవకుడుగా పనిచేసెను. హార్వర్డు వైద్యకళాశాలలో సైరసు ఫిస్కె అను ఆచార్యుని క్రింద భాస్వరమును కొలుచు పనిలో చేరెను. 1925లో వారిరువురును ప్రకటించిన కొలత పద్ధతి ప్రపంచమందలి ప్రయోగశాలలలో ఫిస్కె–సుబ్బారావు పద్ధతియని పేరొందినది.

ఆ పద్ధతి సారమిది: రక్తమో మూత్రమో తెచ్చి కొన్ని రసములు కలిపినచో, అందలి భాస్వరమునకు తగిన నీలివన్నె వచ్చును, వన్నె గాఢతనుబట్టి లెక్క కట్టుదురు. రక్తముతో చేసినపుడు వన్నె వెంటనే పొడగట్టెను. కండరపు రసముతో చేసినపుడో, మెల్లమెల్లగా, సంకోచించుచున్నట్లు వచ్చెను. మరియొకడైన చేతి పొరపాటని సీసా కడిగి మరల చేసియుండెడివాడు. వారు ఆ యాలస్యమునే పట్టుకొనిరి. కండరములో భాస్వరము ఒంటరిగా లేదు. దేనితోనో సులభముగా విడిపోవు ముడి వేసికొనియున్నది. సీసాలోని ఆమ్లము తగిలిన కొలది ఆ ముడి విడుచున్నది. విడినకొలది వన్నె వచ్చుచున్నది. ఆ తోడు క్రియాటిను అని తేల్చి, ఫాస్ఫోక్రియాటినను ఈ పదార్థమును 1927లో ప్రకటించిరి. ఇంగ్లండులో ఎగ్లుటను దంపతులును అదే కాలమున వేరుగా దీనిని కనిపెట్టిరి.

వారు అంతటితో నిలువలేదు. పిల్లి కండరమునకు విద్యుత్తు నిచ్చి పనిచేయింపగా ఫాస్ఫోక్రియాటిను తరిగి విడి భాస్వరము పెరిగెను. కరెంటు ఆపి విశ్రాంతి నీయగా అది మరల కూడుకొనెను. మా శిష్యుని కాలిలో ఆ సాయంకాలము జరిగినదానికి ఇదియే మొదటి వివరణ. కాలికి కావలసినది మీట తుది గీత గాదు, విరామము. 1929లో వారు కండరమునుండి అడినోసిను ట్రైఫాస్ఫేటును గూడ వేరుచేసిరి. జర్మనీలో లోమాను అదే సంవత్సరమున వెలువరించెను. ఎ.టి.పి. యని నేటి పాఠశాల బాలురు వల్లించు ఆ పదార్థమే ప్రాణికోటి కంతకును చేతి రొక్కమువంటిది. ఫాస్ఫోక్రియాటిను ఆ రొక్కము తరిగిన క్షణమున అందించు దగ్గరి కొట్టువంటిది. మా తరగతిలో ఈ పాఠము చెప్పునపుడు సుబ్బారావు పేరు పాఠ్యపుస్తకములో వెదకి విసిగితిమి. 1930లో డెన్మార్కు దేశీయుడు లుండ్స్‌గార్డు, విషముతో లాక్టికామ్లము పుట్టకుండ చేసిన కండరముగూడ కొంతసేపు ముడుచుకొనుననియు, అపుడు ఫాస్ఫోక్రియాటినే వ్యయమగుననియు చూపి పాత సిద్ధాంతమును కూలద్రోసెను. బహుమానము పొందిన హిల్లే ఆ మార్పునకు విప్లవమని పేరిడి యంగీకరించెను. ఇటీవలి శరీరశాస్త్రజ్ఞులు మరియొక మెట్టెక్కి, అలసటకు ఆమ్లముకంటె ఆ విడివడిన భాస్వరమే పెద్ద కారణమనుచున్నారు: అది పేరుకొన్నకొలది తంతువులు ఒండొంటిని పట్టుకొని లాగు పట్టు సడలునట, లోపలి సంచులలోని సున్నపు సత్త్వము, అనగా కాల్షియము, విడుదలగుటకును అడ్డు కలుగునట. సుబ్బారావు సీసాలో ఆలస్యముగా పొడగట్టిన నీలివన్నె ఇంత దూరము వచ్చినది. ఆయన మరల స్వదేశము చూడక 1948 ఆగస్టులో అమెరికాలోనే మరణించెను.

అయినను ప్రశ్న సగమే తీరినది. మనము నడచునపుడును విద్యుత్తువంటి సంకేతములే నరముల వెంట పోవును. నాలుగు మైళ్ళు నడచినను రాని యలసట, మంచముపై నైదు నిమిషములలో నెట్లు వచ్చినది?

పూర్వము మన యూళ్ళలో పల్లకీ మోసిన బోయీలను తలచుకొనుడు. దూరప్రయాణమైనచో మోయువారికంటె వెంట నడచువారుండిరి. కొందరు మోయుచుండగా కొందరు చేతులూపుకొనుచు నడచి, వంతు రాగానే భుజమిచ్చెడివారు. పల్లకీలోని దొరసానికి మార్పు తెలిసెడిది గాదు. మన కండరములోని తంతువుల గుంపులు అట్లే వంతులు పంచుకొనును. ఒక్కొక్క గుంపునకు సెకండునకు పదింటికి కొంచె మిటు అటు సంకేతములు చాలును. ఒకదాని ముడుపు సడలులోపల వేరొకటి అందుకొనుటచే లాగుడు నునుపుగా నుండును. మరియు వెన్నుపాము ఎవరిని ముందు పిలువవలెనో యెరుగును. హార్వర్డు వైద్యకళాశాలలోనే హెన్నెమాను 1957లోను 1965లోను ప్రకటించిన వ్యాసములలో, చిన్న నరకణములు ముందును పెద్దవి వెనుకను మేల్కొనునని నిరూపించెను. చిన్నవాని యధీనమున నుండునవి అలసట యెరుగని యెర్రని తంతువులు. పెద్దవాని యధీనమున నుండునవి బలము మెండై, ఓర్పు కొంచెమైన తెల్లని తంతువులు. బియ్యపుబస్తా నెత్తవలసివచ్చిననే రెండవవారిని పిలుతురు.

మెత్తలద్వారా పోవు కరెంటునకు ఈ మర్యాద తెలియదు. అది తన దారిలోనున్న నరపు పోగుల నన్నిటిని ఒక్క క్షణమున తట్టి లేపును. పెద్ద పోగులు విద్యుత్తునకు తేలికగా లొంగును గనుక క్రమము తలక్రిందులగునని చాలకాలము చెప్పిరి. తలక్రిందులగుటకంటె క్రమమే లేకపోవుటయని యిప్పటివారు సవరించుచున్నారు. మాకు ఈ రెండవదియే పొసగుచున్నది. ఏదైనను ఫలమొక్కటే. వంతులు లేవు. మెత్తక్రిందనున్న బోయీలే ఆదినుండి అంతమువరకు మోయవలెను. అందరును ఒకేమారు లాగి ఒకేమారు సడలుదురు గనుక, వణకులేని లాగుడు కావలెనన్నచో సెకండునకు ఇరువది మొదలు నలువది వరకు తట్టులు కావలెను. అనగా స్వభావసిద్ధమైనదానికి రెండు మూడింతల వేగమున, విరామము లేక, వారే పనిచేయవలెను.

మేము మీటను త్రిప్పినపుడు జరిగిన దిదియే. ఒక్కొక్క గీత త్రిప్పినపుడు లోతుననున్న క్రొత్త తంతువులు కొన్ని కరెంటునకు చిక్కినవి. అందుచే కాలు లేచినది. కొలదిసేపటికి అవియును అలసినవి. తుది గీతవద్ద నిక పిలుచుటకు క్రొత్తవారు లేరు, చర్మముమాత్రము కాలుచుండెను. బలము చాలలేదని మేము చెప్పిన తీర్పు తప్పు. బలమంతయు వ్యయమై విరామము చాలలేదు.

మరియొక కీడు ఆ యేడాది పడుకనే చేసియుండెను. వాడని కండరము చిక్కిపోవుటయే కాక స్వభావమునే మార్చుకొనును. ఓర్పుగల యెర్రని తంతువులు కొన్ని నెలలనుండి ఏండ్ల కాలములో తెల్లనివాని గుణములు పొందును. రక్తపు సన్ననాళములు తగ్గును. అందుచే చచ్చుపడిన కాలు తొలినాడు మెరుపువలె లేచి మెరుపువలెనే ఆరిపోవును. అయితే ఈ మార్పు శాశ్వతము గాదు. బుల్లరును ఎక్లెసు తండ్రీకూతుళ్ళును 1960లో పిల్లులయందు వేగముగల కండరపు నరమును మందమైన కండరమునకును, దాని నరమును దీనికిని అతికి, కండరపు స్వభావము నరము చెప్పినట్లు మారునని చూపిరి. సామన్సు, వర్బోవా అనువారు 1969లో కుందేళ్ళ వేగపు కండరములకు వారముల తరబడి సెకండునకు పది చొప్పున మెల్లని తట్టులిచ్చి, వానిని మందమైనవిగా, అలసట తక్కువవానిగా మార్చిరి. అనగా కరెంటు అలసటను తెచ్చునదియు నదే, ఓర్పును నేర్పునదియు నదే. మాత్రను బట్టి యుండును. ఔషధములన్నిటి విషయము నిట్టిదే గదా.

ఈ తెలివితో చేసిన పనులు చిన్నవి గావు. లిబర్సను 1961లో, పక్షవాతముచేత పాదము వ్రేలాడువారికి, బూటులో మీట నమర్చి, మడమ లేచినప్పుడెల్ల కరెంటు పాదము నెత్తునట్లు చేసెను. అడుగు కొకమారు మాత్రమే గనుక కండరమునకు వంతు తప్పక దొరకును. ఆ యుపాయము నేటికిని నిలిచియుండుటకు ఇదియు నొక కారణమని మా యూహ. 1983లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రమున పెట్రోఫ్‌స్కీ యంత్రముల సాయముతో వెన్నుపాము తెగిన విద్యార్థిని యొకతె పట్టప్రదానోత్సవమున కొన్ని యడుగులు నడచి పట్టమందుకొనెను. పత్రికలన్నియు అద్భుతమనినవి, ఆ యడుగుల తరువాతి యలసటను గూర్చి వ్రాసినవారు తక్కువ. స్విట్జర్లాండులో 2016లో జరిగిన సైబాథ్లాను పోటీలో కాళ్ళు చచ్చుపడినవారు కరెంటుతో తమ తొడలచేతనే సైకిలు త్రొక్కించి 750 మీటర్లు పందెమాడిరి. ఆరోగ్యవంతుడు అలవోకగా త్రొక్కు దూరమిది. వారికి నెలల సాధన కావలసివచ్చెను. గెలుపోటములను ఉక్కు సైకిలు గాక తొడలోని యలసట నిర్ణయించెను.

మా ప్రాంతపు పాఠకులకు ఒక మాట ముఖ్యముగా చెప్పవలసియున్నది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు నెల్లూరు జిల్లాలో నుండిన దినములలో, 1937లో, షార్టు, పండిట్, రాఘవాచారి అను వైద్యశాస్త్రజ్ఞులు ఆ జిల్లాలోని బావినీటి ఫ్లోరైడు ప్రజల యెముకలను పాడుచేయుచున్న సంగతిని ప్రకటించిరి. మన దేశమున ఈ వ్యాధినిగూర్చిన తొలి నివేదికలలో నదియొకటి. ఆ నీరు ఏండ్లకొలది త్రాగినవారికి వెన్నెముక మందమై, లోపలి సందు ఇరుకై, వెన్నుపాము నొత్తుటచే కాళ్ళు పడిపోవుట కలదు. అట్టివారి యిండ్లకును ఈ యంత్రములు వచ్చుచున్నవి. కరెంటు ఆ యొత్తిడిని తీయజాలదు. అది తీయదగినదో కాదో శస్త్రవైద్యుడు చూడవలెను. ఇంటిలోని పిల్లలకు మంచినీరు ముందు చూడవలెను. పోలియోచేత చిన్ననాడే కాలు సన్నగిల్లినవారికిని ఈ యంత్రము ప్రాయికముగా పనికిరాదు. అచ్చట వెన్నులోని నరకణమే చచ్చినది గనుక, ఎర్బు చెప్పినట్లు, మినుకు కరెంటునకు కండరము పలుకదు. వెన్నుపాము పైభాగమున తెగి, క్రిందిభాగపు నరకణములును నరములును బ్రతికియున్న మా శిష్యునివంటివారికే ఇది యుపకరించును. కొనుటకుముందు ఈ భేదమును వైద్యునిచేత తేల్చుకొనవలెను. కదలని కాలి యెముకలు పెళుసెక్కును గనుక హఠాత్తుగా బలముగా కదలించుటయు ప్రమాదమే. వర్తకుడు ఈ మాటలు చెప్పడు.

పుండు మానిన పిమ్మట అతనిని వ్యాయామచికిత్స నెరిగిన వైద్యురాలియొద్దకు తీసికొనిపోతిమి. ఆమె యంత్రమును చూచి, ఇది చాలును, పెద్దది యక్కరలేదనెను. సెకండునకు ముప్పది తట్టులు. ఐదు సెకండ్లు ప్రవాహము, పది సెకండ్లు విశ్రాంతి. మొదటి వారము పది నిమిషములకు మించరాదు. కాలు సగమునకు దిగగానే ఆ పూటకు ముగింపవలెను. ముందును వెనుకను చర్మము చూడవలెను. మెత్తలను ప్రతిదినము కొంచెము జరుపవలెను. నడక వచ్చునా యని తల్లి యడిగెను. రాదని ఆమె స్పష్టముగా చెప్పెను. తొడ కండ నిలుచును, రక్తము ప్రసరించును, కూర్చున్నచోట పుండ్లు పడుట తగ్గవచ్చును, ఇంతవరకే యనెను. తల్లి కొంతసేపు మాటాడలేదు. పిదప, పది సెకండ్లెట్లు లెక్కింపవలెనో చూపుమనెను.

ఆమెకు గడియారము చూచుట రాదు. వేళ్ళ కణుపులమీద లెక్కించును. ఇప్పటికి ఎనిమిది నెలలైనది. మేము మొన్న పోయినపుడు కాలు ఇరువది నిమిషములు లేచుచు దిగుచునుండెను. మా చేయి ఊరకుండక మీటవైపు పోగా, "అయ్యోరా, దాని జోలికి పోకండి, ఇంకా ఆరే అయినాయి" అని యామె మమ్ము వారించెను.